సైబర్ టవర్స్‌కి మెట్రో రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది

ప్రశ్న క్లుప్తంగా: "హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ వెళ్ళి రావడానికి రోజూ దాదాపు మూడు గంటలు పోతోంది. ఇరవై ఏళ్ళ ముందుచూపుతో ప్లాన్ వేస్తే సిటీ ట్రాఫిక్ నిజంగా మారుతుందా, లేక ఇది మన జనం క్రమశిక్షణ సమస్యా? సింగపూర్‌లో ఎలా చేశారు? ఇక్కడ ఇల్లు కొనేముందు ఏం చూసుకోవాలి?"

మారుతుందండీ. మారిన నగరాలున్నాయి. వాటిలో కొన్ని మనకంటే అధ్వాన్నంగా మొదలుపెట్టినవే. కాకపోతే "ముందుచూపు" అనగానే చాలామంది కళ్ళముందు ఆడేది నాలుగంతస్తుల ఫ్లైఓవర్లు, సొరంగాలు, ఓ గ్రాఫిక్ వీడియో. నేను ట్రాఫిక్ ప్లానింగ్ పనిలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్నాను. మొదట్లో జంక్షన్ దగ్గర గొడుగు కింద కూర్చుని ఎన్ని స్కూటర్లు పోయాయి, ఎన్ని లారీలు పోయాయి అని కాగితం మీద గీతలు పెట్టినవాణ్ణి. తర్వాత మాస్టర్ ప్లాన్లకు ట్రాఫిక్ అంచనాలు కట్టాను. మధ్యలో మూడేళ్ళు సింగపూర్‌లో పనిచేశాను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఏమిటంటే, ట్రాఫిక్‌ని మార్చిన ప్లాన్లలో సగానికి సగం రోడ్ల గురించి ఉండదు. ఇల్లెక్కడ, ఆఫీసెక్కడ, ఆ మధ్యలో ఉన్న భూమి ఎవరి చేతిలో ఉంది అన్నదే ఉంటుంది.

మీ ప్రయాణమే తీసుకుందాం. హైటెక్ సిటీలో మొదటి ఐటీ భవనం సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబరులో. ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2003 ఆగస్టులో వచ్చింది. హైటెక్ సిటీ పేరుతో స్టేషన్ కూడా పెట్టారు గానీ రైలుకీ రైలుకీ మధ్య ఎడం ఎక్కువ, దిగాక ఆఫీసు దాకా మళ్ళీ ఆటో. మెట్రో హైటెక్ సిటీ చేరేసరికి 2019 మార్చి. అంటే మొదటి ఆఫీసు తలుపు తెరిచిన ఇరవై ఏళ్ళ నాలుగు నెలలకు రైలు వచ్చింది. ఆ ఇరవై ఏళ్ళూ ఉద్యోగాలు ఆగలేదు కదా. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ముందు బైక్ కొన్నారు, పెళ్ళయ్యాక కారు కొన్నారు, ఆఫీసుకు దూరమైనా ధర అందుతుందని ఎక్కడో ఫ్లాట్ కొన్నారు. కారు అలవాటైన మనిషిని తర్వాత రైలెక్కమంటే ఓ పట్టాన ఎక్కడు. అతని ఇల్లు స్టేషన్ పక్కన లేదు, పిల్లల స్కూలు ఇంకో దిక్కున ఉంది. బతుకంతా కారు చుట్టూ అమరిపోయింది.

పైగా మీ మియాపూర్ సంగతి చూడండి. మెట్రో మీ ఇంటి దగ్గరే ఉంది. కానీ ఆ లైను ఎల్బీ నగర్ వెళ్తుంది. మీ ఆఫీసు దిక్కున ఉన్న రాయదుర్గం స్టేషన్ వైపు పోవాలంటే అమీర్‌పేట దాకా తూర్పుకు వెళ్ళి, లైను మారి, మళ్ళీ పడమటికి రావాలి. తలకాయ చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకున్నట్టు. తప్పు మెట్రోది అనను. ఆ మూడు లైన్లు గీసినప్పుడు లెక్కలోకి తీసుకున్నవి అప్పటికి కిక్కిరిసి ఉన్న దారులు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి వైపు అడ్డంగా ఇంత జనం తిరుగుతారన్నది ఆ మ్యాపులో బలంగా లేదు. ఉన్న రద్దీ వెంట పడడానికీ, రాబోయే రద్దీని ముందే ఒక దారిలో పెట్టడానికీ తేడా ఇక్కడే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. 2006లో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఎత్తేశారు. ఎఫ్‌ఎస్‌ఐ అంటే వంద గజాల జాగాలో అన్ని అంతస్తులూ కలిపి ఎన్ని గజాలు కట్టవచ్చో చెప్పే లెక్క. దాని బదులు ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఫైర్ నిబంధనలు సరిపోతే ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చన్నారు. ఎత్తైన భవనాలకు నేను వ్యతిరేకిని కాను. స్టేషన్ పక్కన ముప్ఫై అంతస్తులుంటే సంతోషమే. చిక్కు ఎక్కడంటే, అనుమతి ఇచ్చేటప్పుడు గేటు ముందు రోడ్డు ఎన్ని అడుగులో చూస్తారు. ఆ రోడ్డే కిలోమీటరు పోయాక ఊరి పాత బాటలో కలిసి సన్నబడుతుందా, అదే రోడ్డు మీదికి ఇంకెన్ని టవర్లు గేట్లు తెరుస్తున్నాయి అన్న లెక్క ఒకచోట కూర్చుని కట్టేవాళ్ళుండరు. సాయంత్రం ఆరుకు ఆ లెక్క మీరు కారులో కూర్చుని కడుతుంటారు.

ఫ్లైఓవర్ల విషయం కొంచెం అంకెలతో చెప్తాను, ఎందుకంటే ఇది జనం నమ్మరు. మూడున్నర మీటర్ల లేన్ ఒకటి, ఎక్కడా ఆగకుండా పారితే గంటకు సుమారు 1,800 కార్లు పోతాయి. అదే లేన్ సిగ్నల్ దగ్గరికొస్తే, మనవైపు మూడో వంతు సమయమే గ్రీన్ ఉంటుందనుకోండి, 600 పోతాయి. ఇప్పుడు ఒక జంక్షన్ మీద రెండు లేన్ల ఫ్లైఓవర్ కట్టారు. అది గంటకు 3,600 కార్లను హాయిగా దాటిస్తుంది. దాటించి ఎక్కడ పడేస్తుంది? తర్వాతి సిగ్నల్ దగ్గర. దాని శక్తి రెండు లేన్లకు కలిపి 1,200. మిగతా కార్లన్నీ ఫ్లైఓవర్ దిగే చోట నిలబడతాయి. మీకు రోజూ అనుభవమే. అప్పుడు అక్కడ ఇంకో ఫ్లైఓవర్ అడుగుతాం. అలా ఒక్కో జంక్షన్ దాటుకుంటూ ఊరి చివరికి వెళ్ళేలోగా మొదటి ఫ్లైఓవర్ నిండిపోతుంది, ఎందుకంటే రోడ్డు ఖాళీగా ఉందని తెలిస్తే బస్సులో వెళ్ళేవాడూ, పొద్దున్నే బయల్దేరి తప్పించుకునేవాడూ అందరూ ఆ వేళకే ఆ దారికే వస్తారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, అడగండి. అక్కడ కేటీ ఫ్రీవేని 2008 నాటికి కొన్నిచోట్ల 26 లేన్ల దాకా వెడల్పు చేశారు, సర్వీసు రోడ్లతో కలిపి. కొన్నేళ్ళకే రద్దీ వేళల్లో ప్రయాణ సమయం మళ్ళీ పెరిగింది.

అదే లేన్‌లో నిమిషానికో బస్సు, బస్సుకు 60 మంది అనుకుంటే గంటకు 3,600 మంది. సిగ్నల్ దాటే 600 కార్లలో కారుకు ఒకటిన్నర మనిషి చొప్పున 900 మంది. ఇంతకంటే పెద్ద గణితం మా శాస్త్రంలో నిజానికి లేదు. మిగతాదంతా దీన్ని రాజకీయంగా ఎలా అమలు చేయాలన్న తంటాయే.

ఇక క్రమశిక్షణ. రాంగ్ రూట్‌లో వచ్చేవాణ్ణి నేను వెనకేసుకురాను. కానీ జంక్షన్లు మూసేసి యూ-టర్న్‌లు పెట్టినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. నాలుగు దారుల కూడలిలో వాహనాలు ఒకదానికొకటి తగిలే అవకాశం ఉన్న చోట్లు 32 ఉంటాయి. మూసేస్తే అవి బాగా తగ్గుతాయి, కార్లకు ఆగే పని ఉండదు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఎదురుగా కనిపిస్తున్న మందుల షాపుకు వెళ్ళాలంటే బండివాడు కిలోమీటరు పైన పోయి తిరిగి రావాలి, నడిచేవాడు ప్రాణాలరచేతిలో పెట్టుకుని డివైడర్ దూకాలి. ఆ డిజైన్ గీసినవాడు డివైడర్ దూకే మనిషిని లెక్కలో వేసుకోలేదు. జరిమానాలు, కెమెరాలు ఉండాల్సిందే. అయితే రోడ్డు ఎలా ఉంటే నడక అలా ఉంటుంది.

సింగపూర్ గురించి అడిగారు. 1960లలో ఆ ఊరు మీరనుకునే సింగపూర్ కాదు. చిన్న చిన్న ప్రైవేటు బస్సు కంపెనీలు పదికి పైన ఒకే దారిలో పోటీపడి తిరిగేవి. పర్మిట్ లేని టాక్సీలు వేలల్లో ఉండేవి, మన షేర్ ఆటోల్లా ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆపేవి. ఊరి మధ్యలో బండ్ల మీద వ్యాపారాలు. 1967 నుంచి నాలుగేళ్ళు ఐక్యరాజ్యసమితి సాయంతో ఒక పెద్ద అధ్యయనం చేసి 1971లో కాన్సెప్ట్ ప్లాన్ అని తెచ్చారు. అందులో మొదట గీసింది ఊళ్ళు. ఎక్కడెక్కడ కొత్త టౌన్లు రావాలి, ఒక్కోదాంట్లో ఎంతమంది ఉండాలి, అక్కడే ఏ పనులు దొరకాలి అన్నది గీసి, వాటిని కలుపుతూ రైలు కోసం దారి వదిలారు. రోడ్లతోనే నెట్టుకురాలేమని అప్పుడే తేల్చుకున్నారు. రైలు అప్పటికి లేదు. దానికి డబ్బూ లేదు. కానీ ఆ దారిలో ఎవరికీ ఇళ్ళు కట్టనివ్వలేదు.

ఆ తర్వాత జరిగింది నాకు భలే నచ్చుతుంది. రైలు కావాలా వద్దా అని పదేళ్ళు కొట్టుకున్నారు, అదీ మంత్రివర్గంలోనే. ఉపప్రధాని గో కెంగ్ స్వీ లాంటి పెద్ద తలకాయకు ఆ ఖర్చు మీద అనుమానం. రవాణా చూసే మంత్రి ఓంగ్ టెంగ్ చియోంగ్ రైలు కావాలన్నాడు. హార్వర్డ్ నుంచి వచ్చిన బృందం బస్సులే చాలంది. చివరికి 1982 మేలో సరే అన్నారు, 1987 నవంబరు 7న యో చూ కాంగ్ నుంచి తోపాయో దాకా అయిదు స్టేషన్లతో మొదటి ముక్క తెరిచారు. తోపాయో అప్పటికే జనంతో నిండిన టౌన్. రైలు వచ్చేసరికి స్టేషన్ చుట్టూ నడిచి రాగలిగే దూరంలో మనుషులున్నారు. పదేళ్ళు వాదించుకున్నా నష్టం జరగలేదు, ఎందుకంటే ఆ పదేళ్ళూ భూమి ఖాళీగా కాచుకుని ఉంది. మన దగ్గర రెండేళ్ళు వాదిస్తే రైలుకు అనుకున్న దారి మీదే అపార్ట్‌మెంట్ లేస్తుంది.

రైలు వచ్చేలోపు చేతులు కట్టుకునీ కూర్చోలేదు. 1971లో ఆ చిన్న బస్సు కంపెనీలను మూడుగా కలిపారు, 1973లో ఒకటి చేశారు. పర్మిట్ లేని టాక్సీలను తీసేశారు. అప్పుడు, అంటే బస్సు ఒక మోస్తరుగా నడవడం మొదలయ్యాక, 1975 జూన్‌లో ఊరి నడిబొడ్డు చుట్టూ గీత గీసి, ఉదయం రద్దీ వేళ కారులో లోపలికి రావాలంటే రోజుకు 3 డాలర్ల లైసెన్సు కొనాలన్నారు. కారులో నలుగురుంటే ఉచితం. కంప్యూటర్లు లేవు, అద్దానికి కాగితం అంటించుకుంటే గేటు దగ్గర మనిషి నిలబడి చూసేవాడు. అంతే టెక్నాలజీ. ఆ వేళకు లోపలికొచ్చే ట్రాఫిక్ 40 శాతానికి పైగా పడిపోయింది. 1990లో కొత్త కార్లకే కోటా పెట్టారు. కారు ధర కాకుండా, పదేళ్ళు నడుపుకునే హక్కు వేలంలో కొనుక్కోవాలి. ఈ మధ్య ఆ హక్కు ఖరీదే లక్ష సింగపూర్ డాలర్లు దాటింది. 1998లో కాగితం పోయి ఎలక్ట్రానిక్ గేట్లు వచ్చాయి. దీని వెనకున్న పద్ధతి వినండి: ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటకు 45 నుంచి 65 కిలోమీటర్లు, ఊళ్ళో పెద్ద రోడ్ల మీద 20 నుంచి 30 కిలోమీటర్ల వేగం ఉండాలని ముందు నిర్ణయించుకుంటారు. వేగం దానికంటే పడిపోతే ఆ అరగంటకు రుసుము పెంచుతారు, రోడ్డు ఖాళీగా ఉంటే తగ్గిస్తారు. వసూలెంత అన్నది తర్వాతి సంగతి.

ఇక్కడ వరస ముఖ్యం. ముందు బస్సు, తర్వాత రుసుము, తర్వాత రైలు, ఆ తర్వాత కోటా. మన దగ్గర ఎవరైనా "కంజెషన్ ఛార్జి (రద్దీ రుసుము) పెట్టాలి" అంటే నేను మొదట అడిగేది, ఆ కారు దిగినవాడు ఎక్కడానికి బస్సేదీ అని.

"సింగపూర్ చిన్న దేశం, ఒకే పార్టీ, మనకు కుదరదు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. సగం నిజమే. 1966 నాటి భూసేకరణ చట్టంతో వాళ్ళ ప్రభుత్వం భూమి తీసుకున్నంత తేలిగ్గా మన దగ్గర తీసుకోలేరు, తీసుకోకూడదు కూడా. బస్సులతో పేరు తెచ్చుకున్న బ్రెజిల్ నగరం కురిచీబాని పొగిడేవాళ్ళు కూడా ఒకటి మర్చిపోతారు. 1971లో అక్కడ మేయరుగా వచ్చిన జైమే లెర్నర్ సైనిక పాలనలో నియమితుడైన మనిషి. ఆయన చేసిన పని మాత్రం గొప్పది. అయిదు దారులు ఎంచుకుని, నడిమధ్యలో బస్సులకు మాత్రమే దారి వదిలి, ఎత్తైన భవనాలను ఆ దారుల వెంటే రానిచ్చారు. 1974లో బస్సులు మొదలయ్యాయి. మెట్రో కట్టకుండానే ప్రపంచమంతా చూడడానికొచ్చే ఊరైంది.

అందుకే మనకు పనికొచ్చే ఉదాహరణ దేశంలోనే ఉందంటాను. అహ్మదాబాద్. అక్కడి ట్రాఫిక్ అద్భుతమని చెప్పను, స్కూటర్ల వాళ్ళు మనకేం తీసిపోరు. కానీ భూమి విషయంలో వాళ్ళకో అలవాటుంది. 1915 నాటి బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టం నుంచి వస్తున్న టీపీ స్కీమ్. ఊరు పెరగబోయే దిక్కున ఒక వంద హెక్టార్ల పొలాలు తీసుకుంటారు. ఎవరి భూమినీ పూర్తిగా లాక్కోరు. అందరి పొలాలూ కాగితం మీద ఒక్కటి చేసి, రోడ్లు, పార్కు, స్కూలు, పేదల ఇళ్ళకు జాగా తీసి, మిగిలినదాన్ని చక్కటి చదరపు ప్లాట్లుగా అదే రైతులకు తిరిగి ఇస్తారు. ఎకరం ఇచ్చినవాడికి అరెకరం పైచిలుకు వస్తుంది, కానీ అది రోడ్డు మీది ప్లాటు. విలువ పెరిగిన దాంట్లో కొంత ప్రభుత్వానికి కడతాడు, దాంతోనే రోడ్లేస్తారు. సర్దార్ పటేల్ రింగ్ రోడ్డు, 76 కిలోమీటర్లది, 60 మీటర్ల వెడల్పుతో వచ్చింది చాలావరకు ఈ దారిలోనే. 2009లో అహ్మదాబాద్ జనమార్గ్ అనే పేరుతో పెట్టిన బస్సులకు రోడ్డు మధ్యలో సొంత దారి ఇవ్వగలిగిందీ అంత వెడల్పైన రోడ్లు ముందే చేతిలో ఉండబట్టే.

ఇది తెలుగువాళ్ళకు కొత్తేం కాదు. 2015లో అమరావతిలో సుమారు 33,000 ఎకరాలు రైతులు ల్యాండ్ పూలింగ్‌లో ఇచ్చారు. పద్ధతి దీనికి చుట్టమే. దాని రాజకీయాలు ఇక్కడ వద్దు గానీ, 2019 తర్వాత అయిదేళ్ళు అక్కడ పనులాగిపోవడం చూశాక ఏ ఊరి రైతైనా ప్లాన్ మీద సంతకం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఊరి పేరు, ఆఫీసు పేరు చెప్పను. తొంభైల చివర్లో ఓ జిల్లా కేంద్రానికి మాస్టర్ ప్లాన్‌లో వంద అడుగుల బైపాస్ గీశాం. అప్పటికి అదంతా చెరకు తోటలు. నేనే ఒక కుర్రాణ్ణి వెంటేసుకుని గట్ల మీద నడిచి సర్వే నంబర్లు రాసుకున్నాను. ప్లాన్ ఆమోదమైంది, గెజిట్‌లో వచ్చింది, మేం స్వీట్లు తిన్నాం. పన్నెండేళ్ళ తర్వాత వేరే పని మీద వెళ్ళి, మా రోడ్డు చూద్దామని పోయాను. లేదు. కొన్ని ముక్కల్లో లేఅవుట్లకు అనుమతిచ్చారు, కొన్ని అనుమతి లేకుండానే వచ్చి తర్వాత డబ్బు కట్టి క్రమబద్ధం అయ్యాయి. మా వంద అడుగులు కొన్నిచోట్ల నలభై, ఒకచోట గుడి ప్రహరీ దగ్గర పన్నెండు. అక్కడ మంచినీళ్ళిచ్చిన ఇంటాయన "ఇక్కడ పెద్ద రోడ్డొస్తుందని చెప్పే మాకు స్థలం అమ్మారు సార్, ఎప్పుడేస్తారు?" అనడిగాడు. ఆయన ఇల్లే రోడ్డు మీద ఉంది. ఆయనకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆ ఊళ్ళో తర్వాత పాత రోడ్డు మీదే ఫ్లైఓవర్ కట్టారు. తోటలున్నప్పుడు రోడ్డు జాగాకి రాళ్ళు పాతి, కొంత కొంత కొనిపెట్టి ఉంటే అయ్యే ఖర్చు ఆ ఫ్లైఓవర్ ముందు లెక్కలోకే రాదు.

ప్లాన్ గీయడం నెలల పని, దాన్ని కాపాడడం ఇరవై ఏళ్ళ పని అని అప్పుడు తెలిసొచ్చింది. కాపాడే మనిషి జీతానికి మాత్రం ఏ బడ్జెట్‌లోనూ పద్దు ఉండదు.

సగంలో వదిలేయడం మనకు బాగా అలవాటు. విశాఖలో బీఆర్‌టీఎస్, అంటే బస్సులకే ప్రత్యేక దారి, కోసం పెందుర్తి దారి, సింహాచలం దారి వెడల్పు చేశారు. రోడ్లు బాగున్నాయి. వాటి మధ్యలో బస్సులు మాత్రమే పరిగెత్తాలన్న అసలు ఉద్దేశం ఎటో పోయింది. విజయవాడలో సత్యనారాయణపురం వైపు పాత రైలు పట్టాలు తీసిన చోట వేసినదాన్ని ఇప్పటికీ బీఆర్‌టీఎస్ రోడ్డు అనే పిలుస్తారు. పేరు మిగిలింది, బీఆర్‌టీఎస్ లేదు. ఢిల్లీలో అయితే 2008లో పెట్టి 2016లో బద్దలుకొట్టారు. కార్లవాళ్ళ గోల ముందు నిలబడలేకపోయారు, డిజైన్‌లోనూ లోపాలున్నాయి.

జనం ఒప్పుకోరన్న భయానికి స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ చేసిన పని గుర్తుంచుకోదగ్గది. 2006లో జనవరి నుంచి జులై దాకా ఏడు నెలలు ఊళ్ళోకి వచ్చే కార్లకు ట్రయల్‌గా రుసుము పెట్టారు. అంతకుముందు ఎక్కువమంది వద్దన్నారు. ట్రాఫిక్ అయిదో వంతు తగ్గడం కళ్ళారా చూశాక, ట్రయల్ ఆపితే మళ్ళీ జామ్ అవడం కూడా చూశాక, సెప్టెంబరు రెఫరెండంలో నగరవాసుల్లో సగం కంటే కాస్త ఎక్కువమంది కావాలని ఓటేశారు. 2007లో శాశ్వతం చేశారు.

హైదరాబాద్ ఏమీ చేయలేదనడం అన్యాయం. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు నిజమైన ముందుచూపు. 2008లో గచ్చిబౌలి, శంషాబాద్ మధ్య మొదటి ముక్క తెరిచినప్పుడు "ఈ అడవిలో ఎనిమిది లేన్లు ఎవరికి" అన్నవాళ్ళు నాకు తెలుసు. ఇవాళ ముంబై వైపు నుంచి విజయవాడ పోయే లారీ ఊళ్ళోకి రావక్కర్లేకుండా పోతోందంటే దాని చలవే. అయితే దానికి ఇరుపక్కలా కిలోమీటరు మేర గ్రోత్ కారిడార్ అని గీసి, అందులో గ్రిడ్ రోడ్లు, అంటే గళ్ళలా అడ్డంగా నిలువుగా వేసే చిన్న రోడ్లు, కూడా చూపించారు. ఔటర్ వచ్చింది, దాని పక్కన టవర్లు వచ్చాయి, గ్రిడ్ రోడ్లు చాలాచోట్ల కాగితం మీదే ఉన్నాయి. అందుకే కోకాపేట, నార్సింగి వైపు అందరూ ఒకే సర్వీస్ రోడ్డు మీద, ఒకే రోటరీ దగ్గర పడతారు. చిన్న రోడ్లు లేని పెద్ద రోడ్డు అంటే కొమ్మల్లేని చెట్టు లాంటిది, నీడ రాదు.

ఇంకో రోగం, ఎవరి పని వాళ్ళదే. రోడ్డొకరిది, సిగ్నల్ ఇంకొకరిది, బస్సు మూడో వాళ్ళది, మెట్రో నాలుగో వాళ్ళది, బిల్డింగ్ అనుమతి అయిదో వాళ్ళది. సింగపూర్‌లో 1995లో ఇలాంటి నాలుగు విభాగాలను కలిపి ఒకే సంస్థ చేశారు. మన దేశంలోనూ 2006 జాతీయ పట్టణ రవాణా విధానం పెద్ద నగరాలన్నిటికీ ఇలాంటి ఉమ్మడి సంస్థ ఉండాలంది. హైదరాబాద్‌కు పేరుకు ఉంది. డబ్బు మీద గానీ, బిల్డింగ్ అనుమతి మీద గానీ దానికి పట్టు లేనంతకాలం అది మీటింగుల సంస్థే.

పార్కింగ్ మాట క్లుప్తంగా: జపాన్‌లో 1962 చట్టం ప్రకారం కారు పెట్టుకునే చోటు చూపించకపోతే కారు మీ పేరు మీద ఎక్కదు. మన కాలనీల్లో రోడ్డులో పెద్ద ముక్క ఎప్పుడూ నిద్రపోతున్న కార్ల కిందే ఉంటుంది. ఈ ఒక్కటీ మనం రేపు మొదలుపెట్టినా పదేళ్ళలో తేడా కనిపిస్తుందని నా నమ్మకం, ఓట్లు పోతాయి కాబట్టి ఎవరూ పెట్టరని కూడా నా నమ్మకం.

ఇప్పటికిప్పుడు చేయగలిగిందేమిటంటే, బస్సు. తెలంగాణలో 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత ప్రయాణం పెట్టగానే బస్సులు ఎలా కిటకిటలాడాయో చూశాం. బస్సెక్కే జనం లేక కాదు, ఎక్కడానికి బస్సుల్లేక. మియాపూర్ నుంచి గచ్చిబౌలి మీదుగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రద్దీ వేళల్లో ఒక లేన్ బస్సులకే వదిలి, అయిదు నిమిషాలకో బస్సు నడిపితే, రేపు ఆ వైపు మెట్రో లైను వస్తే దానికి జనాన్ని తయారుచేస్తుంది కూడా. ఫలానా బస్ స్టాప్ జంక్షన్ మూతి మీద ఉంది, ముప్ఫై గజాలు వెనక్కి జరపండి అని చెప్పించుకోవడానికి కన్సల్టెంట్లు అక్కర్లేదు. అలాంటివి రెండు మూడేళ్ళు ఊపిరి పీల్చుకోనిస్తాయి. ఆ రెండు మూడేళ్ళలో శంకర్‌పల్లి, షాద్‌నగర్, భువనగిరి దిక్కుల్లో ఇంకా పొలాలుగా ఉన్నచోట రోడ్ల జాగాకి రాళ్ళు పాతాలి. ఔటర్‌కి అవతల వేయాలనుకుంటున్న రీజినల్ రింగ్ రోడ్డు పేరు చెప్పి అక్కడ ప్లాట్లమ్మేవాళ్ళు ఇప్పటికే తిరుగుతున్నారు, ప్లానర్లే ఇంకా బయల్దేరలేదు.

ఇక మీ ఇల్లు. బ్రోషర్‌లో "మెట్రోకి పది నిమిషాలు" అంటే ఏ మెట్రోకి, ఉన్నదానికా రాబోయేదానికా అడగండి. ఉన్నదైతే స్టేషన్ నుంచి గేటు దాకా మీరే నడిచి చూడండి, ఫుట్‌పాత్ ఎన్నిచోట్ల మాయమవుతుందో లెక్కపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనీ తీసుకెళ్ళండి. మాస్టర్ ప్లాన్ షీట్ తీసి మీ సర్వే నంబరు మీదుగా గానీ, పక్కగా గానీ ప్రతిపాదిత రోడ్డేమైనా ఉందా చూసుకోండి. లేఅవుట్ అనుమతిలో ఆ రోడ్డు వదిలారో లేదో సరిపోల్చండి. మీ గేటు ముందు రోడ్డు ఎంత వెడల్పో చూసి మురిసిపోకండి, అది వెళ్ళి కలిసే చోట ఎంత వెడల్పో చూడండి. అదే రోడ్డు మీద ఇంకా ఎన్ని టవర్లు పునాదుల్లో ఉన్నాయో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైట్‌లో దొరుకుతుంది, ఫ్లాట్ల సంఖ్యతో సహా. అన్నీ అయ్యాక, ఆదివారం పొద్దున సైట్ విజిట్‌కి వ్యాన్ పంపిస్తామంటారు, వద్దనండి. వాన పడిన బుధవారం సాయంత్రం ఆరున్నరకు మీ ఆఫీసు నుంచి మీ బండి మీద ఆ అడ్రసుకు ఒకసారి వెళ్ళండి. అడ్వాన్సు మాట తర్వాత రోజు మాట్లాడుకోవచ్చు.